వెంకట్రాములు బిగించిన బోల్టులు

అజ్మాన్‌లో మేముండే రేకుల ఇళ్ల వరసలో శుక్రవారం సెలవే అయినా ఎవరూ ఆలస్యంగా లేచేవారు కాదు. వెంకట్రాములు లేవకుండా ఉండనిచ్చేవాడు కాదు. ఆరు కొట్టేసరికి తన యజమాని, అక్కడి మాటలో అర్బాబ్, కారును గది ముందు నిలబెట్టి నాలుగు చక్రాల నట్లూ వరసగా బిగించేవాడు. పానాకు మూడడుగుల ఇనుప గొట్టం తొడిగి, దాని మీద రెండు కాళ్లతో ఎక్కి ఒంటి బరువంతా మోపేవాడు. ఇనుము కీచుమనేది. ఆ చప్పుడు వింటేగాని దిగేవాడు కాదు. చక్రానికి అయిదు చొప్పున ఇరవై నట్లు. ఇరవై సార్లు కీచుమన్నాక ఇక నిద్రెక్కడిది?

"అన్నా, అది లారీ కాదే, కారు," అని గదిలోవాళ్లు విసుక్కునేవారు.

"లారైతేంది, కారైతేంది. అండ్ల కూసునేది మనుషులే గద," అనేవాడు.

నేనప్పుడు ఒక కట్టడాల కంపెనీలో టైమ్‌కీపర్ని. మాది జగిత్యాల. వెంకట్రాములుది కోరుట్ల దగ్గరి పల్లె. డెబ్భై ఎనిమిది నుంచి ఆరేళ్లు ఇద్దరం ఒకే గదిలో ఉన్నాం. అతనికి సంతకం తప్ప రాయడం రాదు. నెలకొకసారి ఇంటికి ఉత్తరం అతను చెబుతుంటే నేను రాసేవాణ్ని. అందుకే అతని సంగతులు మిగతావాళ్లకంటే నాకు కొంచెం ఎక్కువ తెలుసు.

దుబాయ్‌కి రాకముందు అతను నిజామాబాద్‌లో లారీ డ్రైవరు. ఇక్కడికి మాత్రం లేబర్ వీసా మీద వచ్చాడు. రెండేళ్లు షార్జాలో మేడల మీదికి కంకర తట్టలు మోశాడు. ఒకరోజు సైటులో కంకర లారీ డ్రైవరు జ్వరంతో పడిపోతే, ఇరుకు సందులోంచి ఆ లారీని వెనక్కి తీసి బయటపెట్టాడు. గోడకూ లారీకీ మధ్య బెత్తెడు జాగా ఉందట. అది చూసిన అతని అర్బాబ్, వీసా ఇచ్చిన కఫీల్ రాషిద్ మరుసటి వారమే అతన్ని లైసెన్సు పరీక్షకు పంపాడు. రెండుసార్లు తప్పి మూడోసారి పాసయ్యాక, రాషిద్ తన తల్లికి డ్రైవరుగా పెట్టుకున్నాడు.

ఆ కారు రాషిద్ తండ్రిది. అరవై ఏడులో కొన్న డాడ్జ్. ఆకుపచ్చ రంగు, పడవంత పొడుగు. తండ్రి పోయాక రాషిద్ ఏడాదికో కొత్త బండి మార్చేవాడు కానీ తల్లి మాత్రం భర్త నడిపిన కారు తప్ప ఇంకొకటి ఎక్కేది కాదు. ఆమెకు డెబ్భై దాటాయి. ఇంట్లో పనివాళ్లంతా ఆమెను మామా కబీరా అనేవారు. పెద్దమ్మగారు అన్నట్టు. మా వైపు మామ అంటే మీసాలున్న మనిషి కాబట్టి, వెంకట్రాములు మొదటి నెల ఆ పిలుపు నోటికి రాక చాలా ఇబ్బందిపడ్డాడు.

ఆమెను కనిపెట్టుకుని ఉండేది అచ్చాయమ్మ. కోనసీమ మనిషి. ముప్పై అయిదేళ్లుంటాయి. వంట, బట్టలు, ముసలామె కాళ్లకు నూనె, అన్నీ తనే. నాలుగేళ్లలో అరబ్బీ ధారాళంగా నేర్చుకుంది. కారులో ముసలామె వెనక సీట్లో కూర్చుంటే పక్కన అచ్చాయమ్మ ఉండాలి. వెంకట్రాముల్ని "అన్నయ్యగారూ" అనేది. అతను "చెల్లె" అనేవాడు.

ఆ పాత అమెరికా కారుకు ఒక చిత్రమైన గుణం ఉంది. కుడివైపు చక్రాల నట్లు అన్ని బళ్లలాగే బిగుస్తాయి. ఎడమవైపు చక్రాలకు మాత్రం మర తిరగేసి ఉంటుంది. మామూలుగా విప్పే దిక్కుకు తిప్పితే బిగుస్తాయి. ఇది తెలియని పంక్చర్ షాపువాళ్లు విప్పబోయి ఇంకా బిగించేసేవారు. లారీలు నడిపిన వెంకట్రాములుకు ఉల్టా మర కొత్త కాదు. అందుకని ఆ కారు నట్ల మీద ఇంకొకరి చెయ్యి పడనిచ్చేవాడు కాదు. పంక్చరైతే చక్రం తనే విప్పి షాపుకు ఇచ్చి, తనే తెచ్చి తొడిగేవాడు.

ఎనభై ఒకటి మార్చిలో ముందు ఎడమ చక్రానికి పంక్చర్ పడింది. షాపు ఒక కేరళ మలబారీది. టైరు అతుకేసి ఇస్తూ, వెంకట్రాములు నట్లు తొడగడం చూసి అతను హిందీలో అన్నాడు.

"భాయ్, ఈ నట్టు సగం దాకా చేత్తో వచ్చి ఆగిపోతోంది చూడు. బోల్టులో ఏదో ఉంది. మార్పించుకో."

"తుప్పు," అన్నాడు వెంకట్రాములు. కాస్త నూనె పోసి, గొట్టం తొడిగి, ఎక్కి నిలబడ్డాడు. నట్టు దిగింది.

ఆ తర్వాత ప్రతి శుక్రవారం ఆ చక్రం నట్లు ఇంకో పావు చుట్టు తిరిగేవి. కిందటి వారం అంత గట్టిగా బిగించినవి మళ్లీ ఎలా వదులవుతున్నాయని అతనికి దిగులు పట్టుకుంది. దాంతో ఇంకా బలం పెట్టేవాడు. ఒకసారి నన్ను కూడా గొట్టం మీద ఎక్కమన్నాడు. ఇద్దరం ఎక్కాం. నట్టు మెత్తగా, వెన్నలో దిగినట్టు తిరిగింది.

"ఇప్పుడు సరిపోయింది," అన్నాడు చెమట తుడుచుకుంటూ.

మే నెలలో మసాఫీ నుంచి కబురొచ్చింది. కొండల్లో ఉన్న ఆ ఊళ్లో ముసలామె చెల్లెలు మంచాన పడిందనీ, చూడాలనుంటే వెంటనే రమ్మనీ. రాషిద్ అప్పుడు లండన్‌లో ఉన్నాడు. ముసలామె కొడుకు కోసం ఆగలేదు. తెల్లవారు నమాజు అవ్వగానే ఒక ఖర్జూరం బుట్ట, నీళ్ల డబ్బా కారులో పెట్టించి బయల్దేరింది.

షార్జా దాటి, ధైద్ దాటేసరికి ఎనిమిదయింది. ఎండ అప్పటికే రోడ్డు మీద నీళ్లు నిలిచినట్టు మెరుస్తోంది. ధైద్ నుంచి పదిమైళ్లు పోయాక వెంకట్రాములుకు టక్కుమని ఒక చప్పుడు వినిపించింది. రాయి తగిలిందేమో అనుకున్నాడు. కాసేపటికి ఇంకో టక్కు. స్టీరింగ్ చేతుల్లో సన్నగా వణకడం మొదలుపెట్టింది. అతని చేతులకు ఆ వణుకు తెలుసు. బ్రేకు గట్టిగా తొక్కకుండా, బండి దానంతటదే నెమ్మదించేలా వదిలి, ఇసుక అంచుకు తెచ్చి ఆపాడు.

దిగి చూస్తే ముందు ఎడమ చక్రానికి అయిదు నట్లుండాల్సిన చోట మూడే ఉన్నాయి. రెండు బోల్టులు మొదలు దగ్గర విరిగి, నట్లతో సహా ఎక్కడో పడిపోయాయి. విరిగినచోట ఇనుము సగం నల్లగా, సగం తళతళా మెరుస్తోంది. మిగిలిన మూడింట్లో ఒకదాన్ని వేళ్లతో పట్టుకుని కదిపాడు. నట్టు, దాంతోపాటు బోల్టు ముక్క, రెండూ కలిసి అరచేతిలోకి ఊడి వచ్చాయి.

ఇక రెండున్నాయి.

ముసలామె కారు అద్దంలోంచి ఏదో అంది. అచ్చాయమ్మ దిగి వచ్చింది.

"ఏటయ్యిందని అడుగుతున్నారండి మామాగారు."

"బోల్టులు ఇరిగినయి చెల్లె. బండి పోదు."

అచ్చాయమ్మ ఆ మాట చెప్పగానే ముసలామె కర్ర పట్టుకుని దిగింది. చక్రాన్ని చూసింది. రోడ్డును చూసింది. ఎదురుగా కొండలు బూడిదరంగులో కనిపిస్తున్నాయి. మసాఫీ వాటి మధ్యే ఉంది.

"యల్లా," అంది. "శ్వయ్ శ్వయ్ పో." మెల్లమెల్లగా పొమ్మని.

"పోను మామా," అన్నాడు వెంకట్రాములు.

ఆమె మాట అతను అంతకుముందు ఏనాడూ కాదనలేదు. ముసలామె అచ్చాయమ్మ వైపు తిరిగి గబగబా మాట్లాడింది. అచ్చాయమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని చెప్పింది.

"అన్నయ్యగారూ, ఆవిడ ఏమంటన్నారంటేనండి, ఇక్కడ రోడ్డే లేనప్పుడు వాళ్లాయన ఇదే కారు ఇసకలో తోలారంట. రెండు బోల్టులున్నాయి కదా, నడుస్తదంటన్నారు. అక్కడ చెల్లెలు ఇయ్యాలో రేపో అన్నట్టుందండి. ఆవిడ బాధ ఆవిడది. నెమ్మదిగా పోదామండి, ఆయ్."

"ఉన్న రెండు గూడ సచ్చినయే, చెల్లె. చేతిల పట్టుకుంటె ఊడొచ్చింది జూసినవ్ గద. ముంగట ఘాట్ రోడ్డున్నది. ఘాట్ల చక్రం ఊడితె ముగ్గురం పోతం."

ముసలామె కర్రతో నేల మీద కొట్టింది. బండి ఎవరిదని అడిగింది. డ్రైవరు నువ్వా, నేనా అని అడిగింది. కొడుకు వచ్చాక నిన్ను బొంబాయి విమానం ఎక్కిస్తానంది. అచ్చాయమ్మ ప్రతి మాటా చెప్పలేక కొన్ని మింగేసింది. అయినా వెంకట్రాములుకు అర్థమయ్యాయి. అతను తాళంచెవి జేబులో వేసుకుని, ఆ చక్రానికి ఆనుకుని నేల మీద కూర్చున్నాడు.

"చెల్లె, మామాకు ఒక మాట జెప్పు. నేను జెప్పినట్లు జెప్పు," అన్నాడు.

అప్పుడు చెప్పాడు. మా గదిలో మూడేళ్లయినా ఎవరికీ చెప్పని సంగతి.

డెబ్భై మూడులో అతనూ, అతని అక్క లక్ష్మవ్వ మొగుడు రాజేశ్వరూ ఒకే లారీ మీద డ్రైవర్లు. ఒకరు నడిపితే ఒకరు పడుకునేవారు. ఒక మధ్యాహ్నం వెదురు లోడుతో వస్తుంటే నిర్మల్ దగ్గర ముందు చక్రం పంక్చరైంది. ఇద్దరూ కలిసి స్టెప్నీ మార్చారు. చక్రం మార్చాక పది మైళ్లు పోయి మళ్లీ ఒకసారి నట్లు బిగించాలి. అది ఏ డ్రైవరుకైనా తెలిసిన సంగతే. పదిమైళ్ల దగ్గర చాయ్ కోసం ఆగారు. అప్పుడు స్టీరింగ్ వెంకట్రాములుది. చాయ్ తాగాడు, బీడీ కాల్చాడు, ఎక్కి బండి తీశాడు. నట్ల మాట మరిచిపోయాడు. ఘాట్ రోడ్డు దిగుతుండగా చక్రం ఊడి లోయలోకి దొర్లింది. లారీ కొండను గుద్దింది. రాజేశ్వర్ కుడికాలు నలిగిన కేబిన్‌లో ఇరుక్కుంది. దాన్ని మోకాలి కింద తీసేశారు.

"మా అక్క నన్ను ఒక్క మాట అన్లే. బావ గూడ అన్లే," అన్నాడు వెంకట్రాములు. "అంటె బాగుండు. ఆళ్ల ముంగట అన్నం తినబుద్ధి గాక ఈడికొచ్చిన. ఇంకోసారి గసొంటిది నా చేతులతోని కానియ్య. మామా నన్ను కొట్టనీ, పంపనీ. బండి మాత్రం ఈడికెళ్లి కదల్ది."

అచ్చాయమ్మ ఒక్క మాటా మింగకుండా అరబ్బీలో చెప్పింది. ముసలామె ముఖాన ముసుగు ఉంది కాబట్టి ఆమె ఏమనుకుందో తెలియలేదు. చివరిదాకా విన్నది. తర్వాత రోడ్డు మధ్యకు నడిచి, వస్తున్న ఒక పికప్‌కు కర్ర అడ్డం పెట్టింది. పఠాన్ ఒకడు మేకలకు గడ్డి తీసుకుపోతున్నాడు. ముసలామె అతని పక్కన ముందు సీట్లో ఎక్కింది. అచ్చాయమ్మ వెనక గడ్డి మీద ఖర్జూరం బుట్ట ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నీళ్ల డబ్బా మాత్రం ముసలామె దించేయించింది. వెంకట్రాములు దగ్గర ఉంచమని చెప్పిందట.

దారిలో ధైద్ వైపు పోయే ఇంకో బండికి పఠాన్ కబురు చెప్పడంతో, పదకొండు గంటలకు గ్యారేజీ నుంచి మనిషి వచ్చాడు. పేరు జిలానీ బాషా. కదిరి దగ్గరివాడు. యాభై ఐదేళ్లుంటాయి. విమానాలు లేని రోజుల్లో బొంబాయి నుంచి లాంచీలో వచ్చి ఇక్కడ దిగినవాడు. వెంకట్రాములు హిందీలో తెలుగు యాస వినగానే తెలుగులోకి దిగాడు.

"యా ఊరప్పా నీది?"

చెప్పుకున్నారు. బాషా జాకీ పెట్టి చక్రం లేపాడు. చక్రం తీశాక డ్రమ్ము ఊడదీసి నీడలోకి తెచ్చుకున్నాడు. మిగిలిన బోల్టుల్ని వెనక్కి సమ్మెటతో కొట్టి బయటికి రప్పించాడు. ఒక్కో దెబ్బకు ఒక్కోటి వచ్చేసింది. వాటి మొండేల మీద ఉన్న ఎల్ అక్షరాన్ని వేలితో తడిమి, "ఉల్టా మరది. ఇప్పుడు దొరకవే ఇవి," అన్నాడు. తన సంచిలో వెతికి, పాత బండి నుంచి దాచుకున్న ఒక మంచి బోల్టు బయటికి తీశాడు. విరగకుండా బయటికొచ్చిన పాత బోల్టును దాని పక్కన పెట్టి వెంకట్రాములుకు చూపించాడు.

పాతది మంచిదానికంటే గోరంత ఎక్కువ పొడుగుంది. నడుమ దగ్గర సన్నగా, లాగిన పాకంలా సాగి ఉంది.

"ఏం కనబడతాంది నీకు?" అన్నాడు బాషా.

"సాగింది."

"ఇనుము ఊరికే సాగదప్పా. ఎవురు బిగిచ్చినారు దీన్ని?"

వెంకట్రాములు తన రొమ్ము మీద వేలు పెట్టుకున్నాడు.

"ఎంత గొట్టం ఏసినావు?"

అతను చేతులు చాచి చూపించాడు. ఎక్కి నిలబడతానని కూడా చెప్పాడు. ప్రతి శుక్రవారం అని కూడా.

బాషా నవ్వలేదు, కోప్పడలేదు. ఒక కొత్త నట్టు తీసుకుని మంచి బోల్టుకు వేళ్లతో తిప్పాడు. అది జారుతూ చివరిదాకా పోయింది. అదే నట్టును పాత బోల్టుకు తొడిగితే సగంలో బిగుసుకుపోయింది.

"చేత్తో పోవాల నట్టు. సగంలో ఆగిందంటే బోల్టు సాగిందని అర్థం. సాగినాక నువ్వెంత తిప్పితే అంత సాగుతాది, నీకు బిగిసినట్ల అనిపిస్తాది. లోపల మాత్రం చచ్చిపోతావుంటాది. ఒకటి ఇరిగితే దాని బరువు మిగతావాటి మింద పడి వరసగా పోతాయి. వదులుగా ఉంటే చక్రం ఊడుతాది, నిజమే. మితిమీరి బిగిచ్చినా ఊడుతాదప్పా."

వెంకట్రాములు ఆ రెండు బోల్టుల్నీ చేతిలోకి తీసుకుని, నడుములు వేలితో తడిమి చూశాడు. ఆ సంగతి నాకు చెబుతున్నప్పుడు అతనన్న మాట ఇది: "గా ఎండల నాకు చలి పెట్టినట్లయింది. ఎనిమిదేండ్ల సంది నేను కాపాడుతున్ననుకున్న. మామాను, చెల్లెను నేనే సంపుదును."

బోల్టులు వెంటనే దొరకలేదు. బాషా కారును గొలుసుతో ధైద్‌కు లాక్కుపోయాడు. షార్జాలో పాత ఇనుము దుకాణాలన్నీ వెతికి మూడో రోజుకు అలాంటిదే ఇంకో కారు నుంచి బోల్టులు సంపాదించాడు. విరిగిన చక్రానికే కాదు, నాలుగు చక్రాలకూ మార్పించాడు వెంకట్రాములు. బాషా కొత్త బోల్టును వెనక నుంచి దూర్చి, ముందువైపు వాషర్లు పేర్చి, నట్టును నెమ్మదిగా తిప్పుతూ దాన్ని లోపలికి లాగి కూర్చోబెట్టేవాడు. ఆఖరున చక్రం తొడిగాక పానా వెంకట్రాములు చేతికిచ్చాడు.

"బిగించు. గొట్టం లేకుండా. ఒంటి చేత్తో."

వెంకట్రాములు బిగించాడు. పానా ఆగింది. అతని చెయ్యి ఆగలేదు. బాషా మణికట్టు పట్టుకుని, "చాలు," అన్నాడు.

ఇరవై నట్లకూ ఆ చెయ్యి పట్టుకోవాల్సి వచ్చిందట.

ముసలామె ఆ రోజు మధ్యాహ్నానికే మసాఫీ చేరింది. అచ్చాయమ్మ చెప్పింది, అక్కచెల్లెళ్లిద్దరూ సాయంత్రం దాకా ఒకే పరుపు మీద పడుకుని చిన్నప్పటి సంగతులు మాట్లాడుకున్నారట. ఇంకో రెండు రోజులకు చెల్లెలు పోయింది.

రాషిద్ లండన్ నుంచి వచ్చేసరికి తల్లి ఇంకా మసాఫీలోనే ఉంది. అతను వెంకట్రాముల్ని పిలిపించాడు. అజ్మాన్ వ్యాపారులందరిలాగే అతనికీ హిందీ బాగా వచ్చు.

"మా అమ్మ గడ్డి బండిలో పోవాల్సి వచ్చిందట. బోల్టులు ఎలా విరిగాయి? ఆ పంక్చర్ షాపు మలబారీయేనా చేసింది? మార్చిలో వాడి దగ్గరికే కదా పోయింది బండి?"

ఔనంటే సరిపోయేది. మలబారీని రెండు కేకలేసి, ఆ షాపుకు తన కంపెనీ బళ్లు పంపడం మానేసేవాడు రాషిద్. అంతటితో ఖలాస్. ఆ ఒక్క క్షణం తనకు ఔననాలనిపించిందని వెంకట్రాములు నాతో అన్నాడు. దాచలేదు ఆ సంగతి.

"మలబారీ చెయ్యి పెట్టలేదు అర్బాబ్. మార్చుకోమని చెప్పాడు కూడా. నేను వినలేదు. గొట్టం వేసి బిగించి నేనే పాడుచేశాను."

రాషిద్ చెయ్యి చాచి తాళాలు అడిగాడు. మర్నాటి నుంచి వెంకట్రాములు మళ్లీ సైటుకు వెళ్లాడు. నలభై రెండేళ్ల వయసులో మళ్లీ కంకర తట్ట.

జూన్, జూలై, ఆగస్టు. ఆ ఎండలు అనుభవించినవాళ్లకు చెప్పనక్కర్లేదు. సాయంత్రం గదికి వచ్చి తొట్టి పక్కన చొక్కా విప్పితే ఉప్పు చారలు గట్టిపడి ఉండేవి. అయినా అతని నోట నిష్ఠూరం రాలేదు. శుక్రవారాలు మాత్రం ఏం చేయాలో తెలియక, పొద్దున్నే లేచి గది ముందు ఖాళీ జాగా ఊడ్చి నీళ్లు చల్లేవాడు. మేమంతా ఎనిమిదింటి దాకా పడుకునేవాళ్లం. అది ఎవరికీ బాగుండేది కాదు.

జూలైలో ఒక శుక్రవారం ఉత్తరం రాయడానికి కాగితం తీశాను. ఎప్పటిలాగే "అక్కకు" అని మొదలుపెట్టబోతే ఆపాడు.

"ఈపారి బావ పేర్న రాయి," అన్నాడు.

అప్పటిదాకా రాసిన ఉత్తరాల్లో బావ ప్రస్తావన "అందరికీ దండాలు" అనే మాటలోనే ఉండేది. ఈసారి మాత్రం బోల్టుల సంగతి, ఘాటు ముందు బండి ఆపిన సంగతి, బాషా చూపించిన సాగిన ఇనుము, అన్నీ చెప్పాడు. ఆఖరున, "ఆనాడు చాయ్ హోటల్ కాడ నట్లు బిగించుడు మర్సిపోయింది నేనే. గీ మాట నీ ముంగట అనడానికి ఎనిమిదేండ్లు పట్టింది," అని రాయించాడు. కాగితం నా చేతిలోంచి తీసుకుని, చదవలేకపోయినా పైనుంచి కిందిదాకా చూసి, సంతకం పెట్టాడు.

సెప్టెంబరులో ఒకరోజు అచ్చాయమ్మ సైటు దగ్గరికి వచ్చింది. ముసలామె కొత్త డ్రైవర్ని పెట్టుకోవడానికి ఒప్పుకోలేదు. నెలల తరబడి ఇంట్లోంచి బయటికి రాలేదు. ఆస్పత్రికి కూడా పోనంది. కొడుకు తన కారులో తీసుకెళ్తానంటే తల తిప్పుకుంది. చివరికి కొడుకును కూర్చోబెట్టి చెప్పిందట: "వాడు ఆ రోజు నా మాట విని ఉంటే, నువ్వు లండన్ నుంచి నా మయ్యత్తు మోయడానికి వచ్చేవాడివి. తాళాలు వాడికిచ్చెయ్."

"రేపు పొద్దున్నే రమ్మన్నారండి అన్నయ్యగారూ," అంది అచ్చాయమ్మ. "ఇంకోటి కూడా చెప్పమన్నారండి. ఈసారి ఎప్పుడైనా బండి పోదంటే, కూర్చోకుండా నిలబడి చెప్పాలంట. ఇసకలో కూర్చుంటే బిచ్చగాడిలాగ కనబడ్డారంటండి."

సాయంత్రం గదిలో అతను ఈ మాట చెబితే మేము నవ్వాం. వెంకట్రాములు కూడా నవ్వాడు. ఆ వేసవిలో అతను నవ్వడం అదే మొదలు.

బావ జవాబు అక్టోబరులో వచ్చింది. ఊరి నుంచి వచ్చినవాడెవరో చేతికిచ్చి పోయాడు. శుక్రవారం మధ్యాహ్నం, గదిలో అన్నం పొయ్యి మీద ఉంది. రాజేశ్వర్ ఏడో తరగతి దాకా చదివాడు కాబట్టి ఉత్తరం తన చేత్తోనే రాశాడు. అక్షరాలు పెద్దవి, ఒత్తులు తక్కువ. నేను చదువుతుంటే వెంకట్రాములు ఉల్లిగడ్డలు కోస్తూ వింటున్నాడు. పంట సంగతి, లక్ష్మవ్వ మోకాళ్ల నొప్పి సంగతి, తను ఇంటి అరుగు మీద పెట్టిన సైకిళ్ల దుకాణం సంగతి అయ్యాక, ఇలా ఉంది:

"నట్ల సంగతి రాసినవు. చాయ్ హోటల్ కాడ నాకు యాదికున్నది. దిగి బిగిద్దామనుకున్న. ఎండ మస్తుగున్నది, ఎక్కినంక నీకు జెప్త తియ్ అనుకున్న. ఎక్కంగనే నిద్రవట్టింది. కాలు పోయింది నాదని అందరు నన్ను జూసి పాపమన్నరు. నువ్వు జూసినపుడల్ల నాకు సిగ్గయ్యేటిది. నువ్వు ఊరిడిసి పోయింది గూడ నా వల్లనే అనుకున్న. మీ అక్కకు గూడ నేను జెప్పలే. నీ ఉత్తరం సదివి మొన్న జెప్పిన. ఒక పూట మాట్లాడలే. తర్వాత, ఇద్దరికిద్దరు సక్కగున్నరు అన్నది."

కత్తి చప్పుడు ఆగింది. "మల్లొక్కపారి సదువు," అన్నాడు వెంకట్రాములు.

చదివాను. ఇంకోసారి చదవమన్నాడు. చదివాను. అన్నం అడుగంటిన వాసన వస్తే లేచి వెళ్లి పొయ్యి ఆర్పి, గిన్నె దించి, గడప దగ్గర నిలబడి బయటికి చూశాడు. ఉల్లిగడ్డల ఘాటుకో, ఇంకెందుకో, కళ్లు ముంజేత్తో తుడుచుకున్నాడు.

"జవాబు రాస్తవా? రేపు మామాను దవాఖానకు తోల్కపోవాలె, టైముండది," అన్నాడు.

కాగితం, కలం తీసుకుని ఏం రాయాలని అడిగాను.

"కట్టెకాలు ఒరుస్తుందా అని అడుగు," అన్నాడు. "ఈడ మెత్తటి పట్టీలు దొరుకుతయంట. కొలత పంపుమని రాయి."